క్రైస్ట్‌చర్చ్ కేథడ్రల్: కలప వద్దన్న రోజే మొదలైన తగువు

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో బిషప్ పీఠమున్న పెద్ద చర్చి, అంటే కేథడ్రల్‌, నిలబెట్టాలా పడగొట్టాలా అన్న పాత తగువు మళ్లీ రాజుకుంది. డబ్బు చాలక 2024 ఆగస్టులో పునరుద్ధరణ పనులు ఆపేశారు. 2017లో 10.4 కోట్ల న్యూజిలాండ్ డాలర్లన్న అంచనా 24.8 కోట్లకు పాకింది. కొన్ని పనులు తగ్గించుకున్నా 21.9 కోట్ల దగ్గర ఆగింది. ఆరు కోట్లు ఇమ్మంటే ప్రభుత్వం కుదరదంది. అప్పుడే పడగొట్టి ఉంటే సరిపోయేదని ఒకరు, ఊరి గుర్తే అది కదా అని మరొకరు.

2011 ఫిబ్రవరి 22 నాటి భూకంపం సంగతి తెలిసిందే. 185 మందిని బలిగొన్న ఆ భూకంపంలోనే కేథడ్రల్ శిఖరమూ కూలింది. కానీ ఈ కథకు మలుపు అంతకు నూటయాభై ఏళ్ల ముందే ఉంది.

లండన్‌లో గోథిక్ కట్టడాలకు (కొసదేలిన తోరణాలు, ఎత్తైన శిఖరాల పాత చర్చి శైలి) పేరుమోసిన వాస్తుశిల్పి జార్జ్ గిల్బర్ట్ స్కాట్‌కు నమూనా గీసే పని అప్పగించారు. ఆయన న్యూజిలాండ్‌లో కాలు పెట్టింది లేదు. అయినా అక్కడ భూమి కంపిస్తుందన్నది లెక్కలోకి తీసుకుని, ప్రధానంగా కలపతో కట్టే నమూనా పంపాడు. క్రైస్ట్‌చర్చ్ బిషప్ హార్పర్‌కు అది నచ్చలేదు. కేథడ్రల్ అంటే రాయే ఉండాలన్నాడు. 1862లో స్కాట్ ఒక మెట్టు దిగి లోపల కలప చట్రం, బయట రాతి గోడలు అన్నాడు. అదీ చాలలేదు. మంచి రాయి దండిగా ఉంది, పెద్ద దూలాలకే కరువు అంటూ పట్టుబట్టి, లోపలి స్తంభాలు, తోరణాలు కూడా రాతివే చేయించారు. పైకప్పుకు మాత్రం మటాయ్, టోటరా చెట్ల కలప మిగిలింది.

అదే రోజుల్లో వెల్లింగ్టన్‌లో ఏం జరిగిందో చూడాలి. 1848, 1855 భూకంపాల్లో ఇటుక కట్టడాలు దెబ్బతినడం కళ్లారా చూసిన ఊరది. 1866 నాటికి అక్కడ ఆంగ్లికన్లు (ఇంగ్లండ్ చర్చి శాఖవాళ్లు) సెయింట్ పాల్స్ చర్చిని పూర్తిగా కలపతో, అదే గోథిక్ పద్ధతిలో కట్టుకున్నారు. అది ఇప్పటికీ నిలబడే ఉంది.

క్రైస్ట్‌చర్చ్‌లో 1864 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి డబ్బుల్లేక పునాదుల దగ్గరే పని ఆగి, 1873 దాకా కదల్లేదు. (డబ్బుల్లేక ఆగడం దీనికి కొత్త కాదు.) స్థానిక వాస్తుశిల్పి బెంజమిన్ మౌంట్‌ఫోర్ట్ చేతుల మీదుగా పని సాగి 1881 నవంబరులో ప్రతిష్ఠ జరిగితే, నెలలోపే భూకంపం శిఖరాగ్రాన్ని కదిలించింది. 1888లో శిఖరం పైనుంచి ఎనిమిది మీటర్ల మేర రాయి ఊడిపడింది. కట్టుకున్నారు. 1901లో మళ్లీ పడింది. అప్పుడు గానీ రాతిని వదిలి, శిఖరం కొసకు కలప చట్రం వేసి రాగిరేకు తొడిగారు. కొసకు పట్టిన బుద్ధి గోడలదాకా రాలేదు. చెక్కిన రాళ్ల వరసలు రెండు, వాటి మధ్య రాళ్లముక్కలు, సున్నం కూరిన గోడలవి. ఊగితే పొరలు విడిపోతాయి.

అందుకే 2012 మార్చిలో బిషప్ విక్టోరియా మాథ్యూస్ రెండు మూడు మీటర్ల ఎత్తు మిగిల్చి మిగతాది తీసేస్తామన్నప్పుడు, అది వారసత్వంపై కక్షేమీ కాదు. మనుషుల ప్రాణాలు, కొనసాగే ప్రకంపనలు, బీమా సొమ్ము ఎంతవరకు వస్తుందన్నదీ ఆమె ముందున్నాయి. మాజీ మంత్రులు ఫిలిప్ బర్డన్, జిమ్ ఆండర్టన్‌లు ముందుండి నడిపిన వారసత్వ ట్రస్టు కోర్టుకెక్కింది. ఆ స్థలంలో కేథడ్రల్ ఉండి తీరాలి గానీ అచ్చం పాతదే ఉండనక్కర్లేదని కోర్టు తేల్చింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు అప్పీలుకు అనుమతి నిరాకరించింది. చట్టప్రకారం బిషప్ మాటే నెగ్గినట్టు. అయినా కూల్చలేదు, పావురాలు గూళ్లు కట్టుకున్నాయి.

ఈలోగా ఆరాధనలు జపాన్ వాస్తుశిల్పి షిగెరు బాన్ కట్టిన అట్టగొట్టాల కేథడ్రల్‌కు మారాయి. 2013లో తెరిచిన ఆ చర్చిలో 700 మంది కూర్చోవచ్చు. పాతదాని బీమా డబ్బు దానికి వాడకూడదని కోర్టు అడ్డుపడింది.

2017 సెప్టెంబరులో ప్రభుత్వం కోటి డాలర్ల గ్రాంటు, కోటిన్నర అప్పు, నగరపాలక సంస్థ మరో కోటి ఇస్తామనేసరికి చర్చి పాలకసభ సినడ్‌లో సుమారు 55 శాతం ఓట్లతో పునరుద్ధరణ గెలిచింది. ఆ రాతిగోడలు ఇకపై ఊగకుండా ఉండాలంటే కట్టడం మొత్తం కింద భూకంప నిరోధక దిమ్మెలు అమర్చాలి. పాత గోడల కింద నేల తవ్వి ఆ పని చేయడం దగ్గరే ఖర్చు అదుపు తప్పింది. నగరపాలక సంస్థ తన వాటా కోటిని ఆస్తిపన్నుతో కలిపి ఊరివాళ్ల దగ్గరే వసూలు చేసింది. చర్చి గడప తొక్కనివాళ్లూ అందులో ఉన్నారు.