ఎస్‌ఏసీడీ డిస్కుల కోసం ఇంత వేట ఎందుకు?

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ఇష్టంగా వినేవాళ్లకు ఈ అనుభవం కొత్త కాదు. ఫలానా సింఫనీ ఎస్‌ఏసీడీగా, అంటే సూపర్ ఆడియో సీడీగా వచ్చిందని తెలుస్తుంది. తీరా కొందామంటే ఎక్కడా స్టాకు ఉండదు. పాత డిస్కులు అమ్మేవాళ్ల దగ్గర ఎప్పుడైనా ఒకటి కనబడినా, దాని ధర చూసి వెనక్కి తగ్గాల్సి వస్తుంది. ఒకప్పుడు దుకాణాల్లో మామూలుగా దొరికిన డిస్కుకు ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే 1999కి వెళ్లాలి.

1982లో వచ్చిన సీడీ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు, 16 బిట్లలో కొలుస్తుంది. బిట్లు ఎక్కువైతే ఒక్కో కొలత అంత సూక్ష్మంగా ఉంటుంది. ఉన్నవి రెండే ఛానళ్లు, అంటే కుడి, ఎడమ స్పీకర్లకు వేర్వేరుగా వెళ్లే ధ్వనులు. 1990ల నాటికి స్టూడియోలు 20, 24 బిట్లలో రికార్డు చేస్తున్నా, సీడీ మీదికి వచ్చేసరికి దాన్ని తగ్గించక తప్పేది కాదు. సీడీని తయారుచేసిన సోనీ, ఫిలిప్స్ కంపెనీలే 1999లో ఎస్‌ఏసీడీని తెచ్చాయి. ఇది ఒకే బిట్‌తో సెకనుకు 28,22,400 సార్లు కొలుస్తుంది. సీడీ వేగానికి ఇది 64 రెట్లు. దీంట్లో ఆరు ఛానళ్ల దాకా పడతాయి. నా దృష్టిలో అసలు లాభం ఈ ఛానళ్లే. స్టీరియోలో సీడీకీ దీనికీ తేడా వినబడుతుందా లేదా అన్న వాదన ఇంకా తెగలేదు. చుట్టూ స్పీకర్లు పెట్టుకుని వినే సరౌండ్‌లో మాత్రం ఆర్కెస్ట్రా ముందు నుంచి, హాలు గోడల ప్రతిధ్వని వెనక నుంచి వస్తుంటే ఎవరికైనా తేడా తెలిసిపోతుంది.

మరి ఎందుకు నిలబడలేదు? మరుసటి ఏడాదే డీవీడీ ఆడియో అనే పోటీ ఫార్మాట్ వచ్చింది. ఏది కొనాలో తెలియక జనం ఆగిపోయారు. సోనీ మొదట్లో తెచ్చిన డిస్కులు మామూలు సీడీ ప్లేయర్లో ఆడేవి కావు. మామూలు సీడీ ప్లేయర్ కోసం ఒక పొర, ఎస్‌ఏసీడీ కోసం ఇంకో పొర ఉన్న హైబ్రిడ్ డిస్కులు తర్వాత వచ్చాయి. పైగా కాపీ చేస్తారన్న భయంతో కంప్యూటర్ డ్రైవులు ఎస్‌ఏసీడీ పొరను చదవకుండా తాళం వేశారు. ఇంటర్నెట్‌లో పాటల ఫైళ్లు ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్ మొదలైంది కూడా 1999లోనే. ప్రపంచమంతా పాటల్ని ఫైళ్లుగా మార్చుకుంటున్న రోజుల్లో వేసిన ఆ తాళం, దొంగల కంటే ఎక్కువగా డబ్బిచ్చి కొన్నవాళ్లనే ఇబ్బంది పెట్టింది.

కొన్నేళ్లకే పెద్ద కంపెనీలు పక్కకు తప్పుకున్నాయి. ఫార్మాట్‌ను బతికించింది చిన్న లేబుళ్లు, అంటే రికార్డింగ్ కంపెనీలు: స్వీడన్‌లో బిస్, నెదర్లాండ్స్‌లో ఛానల్ క్లాసిక్స్, పెంటాటోన్. శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీ అనే ఆర్కెస్ట్రా అయితే సొంత లేబుల్ పెట్టుకుని, కండక్టర్ మైకేల్ టిల్సన్ థామస్ నడిపిన, స్వరకర్త మాలర్ సింఫనీలన్నీ ఎస్‌ఏసీడీలుగా తెచ్చింది. అందులో మొదటిది ఆరో సింఫనీ. 2001 సెప్టెంబర్ 12 నుంచి 15 వరకు జరిగిన కచేరీల్లో రికార్డు చేశారు. న్యూయార్క్ దాడుల మర్నాడే ఆ విషాద సంగీతాన్ని వాయించిన మనుషుల మనసు ఎలా ఉండి ఉంటుందో అనుకోకుండా ఆ డిస్కు వినలేను.

పెంటాటోన్ కథ ఇంకా ముచ్చటైనది. 1970లలో ఫిలిప్స్ ఇంజినీర్లు ఎన్నో రికార్డింగులను నాలుగు ఛానళ్లలో చేశారు. నాలుగు ఛానళ్ల ఎల్పీల (గ్రామఫోన్ రికార్డుల) నాణ్యత తృప్తికరంగా లేకపోవడంతో వాటిని స్టీరియోగానే అమ్మారు. వయొలిన్ విద్వాంసుడు ఆర్తూర్ గ్రూమియో, కండక్టర్ నెవిల్ మారినర్ లాంటి వాళ్ల ఆ టేపులు మూడు దశాబ్దాలు అలాగే ఉండిపోయాయి. ఫిలిప్స్ క్లాసిక్స్‌లో పనిచేసినవాళ్లే 2001లో పెంటాటోన్ పెట్టి, ఆ నాలుగు ఛానళ్లనూ తొలిసారి జనానికి వినిపించారు. ఇలాంటి డిస్కు స్టాకు అయిపోతే మనసు చివుక్కుమంటుంది.

చిన్న లేబుళ్లు వేసే కాపీలు తక్కువ. అయిపోయాక మళ్లీ వేస్తారన్న నమ్మకం లేదు. ప్లేయర్లూ తగ్గిపోయాయి. 2006లో వచ్చిన తొలి ప్లేస్టేషన్ 3 ఎస్‌ఏసీడీలు ఆడేది, తర్వాతి మోడళ్లలో ఆ సౌకర్యం తీసేశారు. చాలామంది నమ్ముకున్న ఒప్పో కంపెనీ 2018లో కొత్త ప్లేయర్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఎస్‌ఏసీడీలు తెస్తూ వచ్చిన బిస్‌ను కూడా 2023లో, స్ట్రీమింగ్‌లో సంగీతం వినిపించే ఆపిల్ కొనేసింది.

జపాన్‌లో మాత్రం ఆదరణ తగ్గలేదు. అక్కడి టవర్ రికార్డ్స్ దుకాణాలు, ఆడియో పరికరాల కంపెనీ ఎసోటెరిక్ పాత మాస్టర్ టేపుల (అసలు రికార్డింగ్ టేపుల) నుంచి ఇప్పటికీ ఎస్‌ఏసీడీలు తెస్తున్నాయి. కాబట్టి వేట చాలాసార్లు జపాన్ దుకాణాల దగ్గరే తేలుతుంది. కొనేముందు అసలు రికార్డింగ్ ఏ ఫార్మాట్‌లో జరిగిందో చూసుకోవడం మంచిది. డిస్కు మీద ఎస్‌ఏసీడీ గుర్తు ఉన్నా, మూలం సీడీ స్థాయికి కాస్త పైన ఉన్న డిజిటల్ రికార్డింగే కావచ్చు.

కండక్టర్ జార్జ్ షోల్టి వియన్నాలో 1958 నుంచి 1965 దాకా రికార్డు చేసిన వాగ్నర్ 'రింగ్' సంగీత నాటకాలనే చూడండి. 2012లో డెక్కా లేబుల్ పద్నాలుగు గంటలకు పైగా ఉన్న ఆ సంగీతాన్నంతా ఒకే బ్లూరే డిస్కులో ఇచ్చింది. కానీ దానికి వాడింది 1997లో 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 48,000 కొలతలతో, టేపుల నుంచి డిజిటల్‌లోకి చేసిన బదిలీని. 2022లో అసలు టేపులను మళ్లీ తీసి, 192 కిలోహెర్ట్జ్‌లో కొత్తగా బదిలీ చేశారు. ఆ కొత్త రూపాన్ని శ్రోతలకు ఇవ్వడానికి డెక్కా ఎంచుకున్న డిజిటల్ డిస్కు ఎస్‌ఏసీడీయే.