జనగణన ప్రశ్నలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఎన్ని ఎక్కువ ప్రశ్నలు అడిగితే అంత మంచి లెక్క.

వాస్తవం: 2011లో ఇళ్ల జాబితాకు 35, జనాభా లెక్కకు 29 ప్రశ్నలు అడిగారు. గుమ్మం దగ్గర అడిగే ప్రశ్నకు ఇంట్లో ఉన్న పెద్దలెవరైనా జవాబు చెప్పగలగాలి. ప్రతి ఊరికీ ఆ అంకె అవసరం కూడా ఉండాలి. నెల ఖర్చులు, జబ్బుల వివరాలు కొన్ని ఇళ్లనే ఎంచుకుని అడిగే నమూనా సర్వేలకు వదిలేయాలి.

అపోహ: ఆదాయం అడగకపోతే పేదరికం తెలియదు.

వాస్తవం: కౌలు రైతునో రోజుకూలీనో ఏడాది ఆదాయం అడిగితే నికరమైన అంకె రాదు. పైగా రేషన్ కార్డు పోతుందన్న భయం. కాబట్టి కంటికి కనిపించేవే అడగాలి: పైకప్పు, మరుగుదొడ్డి, వంటచెరకా గ్యాసా, నీళ్లు ఎంత దూరం. ‘దగ్గరే’ అన్న మాటకు ఒక్కొక్కరిదీ ఒక్కో కొలత. అందుకే 2011లో పల్లెల్లో 500 మీటర్లు, పట్టణాల్లో 100 మీటర్ల హద్దు పెట్టారు.

అపోహ: ‘ఇంట్లోనే ఉంటుంది’ అంటే ఆమెకు పని లేనట్టే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే తప్పు ఇది. “మీ ఆవిడ ఏం చేస్తుంది?” అని భర్తను అడిగితే “ఏం చేయదండీ” అంటాడు. దాంతో తెల్లారుజామున పాలు పితికి, పగలంతా సొంత చేలో కలుపు తీసే మనిషి ఫారంలో ఏ పనీ లేనిదైపోతుంది. జీతం లేకుండా సొంత పొలంలో చేసినా అది పనే. ఇంటి వాడకానికే పాడి చూసుకున్నా పనే. జనగణన నిర్వచనమే అలా ఉంది. కాబట్టి వీలైతే ఆమెనే అడగాలి, అదీ విడగొట్టి: నాట్లకు వెళ్తారా? గేదెను ఎవరు చూస్తారు? ఏడాదిలో ఎన్ని నెలలు? ఆరు నెలలు, ఆపైన అయితే ప్రధాన శ్రామికురాలు, తక్కువైతే ఉపాంత శ్రామికురాలు.

అపోహ: కులం గడి ఒకటి పెడితే కులాల లెక్క వచ్చేస్తుంది.

వాస్తవం: కులం అడగాల్సిందే, కానీ ఖాళీ గడిలో కాదు. 1931 లెక్కల్లో 4,147 కులాలుంటే, 2011 సామాజిక ఆర్థిక కులగణనలో 46 లక్షలకు పైగా పేర్లు తేలాయి. ఇంటిపేరు, గోత్రం, ఉపకులం, అక్షరదోషం, అన్నీ వేర్వేరు కులాలుగా నమోదయ్యాయి. రాష్ట్రాలవారీ జాబితా, ప్రతి పేరుకూ కోడ్ ముందే సిద్ధంగా ఉండాలి.

అపోహ: చెప్పిందంతా పోలీసులకు, పన్ను శాఖకు చేరుతుంది.

వాస్తవం: 1948 జనగణన చట్టం సెక్షన్ 15 ప్రకారం ఆ రికార్డును తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు. సివిల్ కేసుల్లో సాక్ష్యంగా చెల్లదు. క్రిమినల్ కేసుల్లోనూ అంతే, జనగణనకు సంబంధించిన నేరాలు తప్ప. భర్త పేరు పలకడం ఆచారం కాని స్త్రీని ఆ పేరు చెప్పి తీరాలనకూడదని సెక్షన్ 8 అంటుంది. బ్యాంకు ఖాతా నంబరు అసలు జనగణన ప్రశ్నే కాదు.

అపోహ: వయసు ఉజ్జాయింపుగా రాస్తే చాలు.

వాస్తవం: అలా రాస్తే అందరి వయసులూ 40, 45, 50 దగ్గర కుప్పపడతాయి. పుట్టిన తేదీ తెలియని పెద్దలను ఊరికి తెలిసిన సంఘటనతో అడగాలి. కృష్ణా జిల్లాలో అయితే “దివిసీమ ఉప్పెన నాటికి మీకు పెళ్లయిందా? పెద్దబ్బాయికి ఎన్నేళ్లు?” అని అడిగి, 1977 నవంబరు నుంచి లెక్క కట్టాలి.