160 పౌండ్ల గొడవకి 1991 నాటి వేరు

లండన్ బరోల్లో (అంటే ఒక్కో స్థానిక కౌన్సిల్ పరిధిలో) ట్రాఫిక్ పెనాల్టీలు 2025 ఏప్రిల్ 7 నుంచి పెరిగాయి. ఎక్కువ రేటున్న ప్రాంతాల్లో పెద్ద తప్పుకి 130 పౌండ్లు ఉండేది, 160 అయింది. దాంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది: కౌన్సిళ్లు వేసే పీసీఎన్‌లు (పెనాల్టీ నోటీసులు) రోడ్డు భద్రత కోసమా, ఆదాయం కోసమా? అక్కడి మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనూ అదే టెన్షన్. త్వరగా కడితే ఇచ్చే రాయితీతో సగం డబ్బు కట్టేసి వదిలించుకోవాలా, అప్పీల్‌కి వెళ్లాలా అని.

అందరూ 160 దగ్గరే ఆగిపోతున్నారు. అసలు మలుపు 1991 రోడ్ ట్రాఫిక్ చట్టంలో ఉంది. అంతకు ముందు కారు తప్పుగా పార్క్ చేస్తే అది నేరం. పోలీసుల కింద పనిచేసే ట్రాఫిక్ వార్డెన్లు టికెట్ రాసేవారు, ఒప్పుకోకపోతే మెజిస్ట్రేట్ కోర్టు ఉండేది. 1991 చట్టం దాన్ని నేరం నుంచి తప్పించి కౌన్సిల్‌కి కట్టాల్సిన బాకీగా మార్చింది. 1993-94లో లండన్ బరోలు ఆ అధికారం తీసుకున్నాయి. వసూలైన డబ్బు వాటికే ఉండిపోయింది. నడిపిందెవరైనా బాధ్యత కారు ఓనర్ మీద పడింది. పెనాల్టీ వేసిన కౌన్సిలే మన మొదటి అభ్యంతరాన్ని కూడా వింటుంది. స్వతంత్ర అడ్జుడికేటర్ (తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి వెళ్లేది ఆ తర్వాతే. ఇదే నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపిస్తుంది.

కౌన్సిళ్ల వాదన వేరు. పెనాల్టీ తక్కువైతే ఎవరూ భయపడరని, మిగులు డబ్బుని 1984 రోడ్ ట్రాఫిక్ నియంత్రణ చట్టం ప్రకారం రవాణాకి, రోడ్లకే ఖర్చుపెట్టాలని, వృద్ధుల ఉచిత ప్రయాణానికీ అందులోంచే ఇస్తున్నామని అంటాయి. అది నిజమే. అయితే 2013లో బార్నెట్ అనే లండన్ బరో మీద వేసిన కేసు ఏం తేల్చిందో కూడా చూడాలి. అక్కడ నివాసుల పార్కింగ్ పర్మిట్‌ని 40 పౌండ్ల నుంచి 100కి పెంచారు. మిగులు రాబట్టడానికే ఛార్జీలు పెంచడం చెల్లదని హైకోర్టు కొట్టేసింది. ఆ కేసు పర్మిట్ల గురించే, పెనాల్టీల గురించి కాదు. కానీ జనం అనుమానానికి కోర్టులో దొరికిన ఆధారం అది.

ఆ అనుమానం పార్లమెంటు దాకా వెళ్లింది. 2015లో పార్కింగ్ తప్పులకి కెమెరా వాడకాన్ని చాలావరకు ఆపేశారు, పార్కింగ్ టైమ్ దాటాక 10 నిమిషాల గడువు ఇచ్చారు. కానీ బస్ లేన్లు, బాక్స్ జంక్షన్ల (ఆగకూడదని పసుపు గళ్లు గీసిన కూడళ్లు) మీది కెమెరాలు అలాగే ఉన్నాయి. 2022 మే 31 నుంచి ఇంగ్లండ్‌లో లండన్ బయటి కౌన్సిళ్లు కూడా బాక్స్ జంక్షన్ లాంటి తప్పులకి పెనాల్టీ వేసే అధికారం కోరవచ్చు.

నాకు తెలిసిన ఒక అబ్బాయి మాస్టర్స్‌కి వచ్చి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ఇల్లు మారినప్పుడు లైసెన్స్ మీద అడ్రస్ మార్పించుకున్నాడు. కారు లాగ్‌బుక్ (రిజిస్ట్రేషన్ పత్రం) మీద కూడా విడిగా మార్పించాలని అతనికి తెలియదు. బాక్స్ జంక్షన్‌లో కారు ఆగినందుకు వచ్చిన పీసీఎన్ పాత ఇంటి గుమ్మంలో, పిజ్జా కరపత్రాల కింద పడి ఉంది. 14 రోజుల్లో కడితే 80 పౌండ్లతో పోయేది. గడువులన్నీ దాటాక 240 అయింది, ఆపైన బాకీ వసూలుకి వచ్చే బెయిలిఫ్ ఫీజు. అతను మొదటిసారి చూసిన కాగితం బెయిలిఫ్ ఉత్తరమే.

బాకీ అన్నాక కోర్టులో మన మాట వినకముందే అది నమోదైపోతుంది. నోటీసు అందలేదని ఆ అబ్బాయి నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్‌కి డిక్లరేషన్ పంపాడు. వాళ్లు ఒప్పుకున్నారు. దాంతో పెరిగిన మొత్తం రద్దయింది గానీ పెనాల్టీ పోలేదు. కౌన్సిల్ కొత్త అడ్రస్‌కి మళ్లీ నోటీసు పంపింది. ముందు కౌన్సిల్‌కే రాయాలి. వాళ్లు కాదంటే 28 రోజుల్లో ఆ స్వతంత్ర అడ్జుడికేటర్లు ఉండే లండన్ ట్రిబ్యునల్స్‌కి అప్పీల్ చేసుకోవచ్చు. దానికి ఫీజు లేదు, కానీ ఓడితే సగం రాయితీ పోయి పూర్తి 160 కట్టాలి. తన కారు ముందు ఆగిపోయిన బస్సు కౌన్సిల్ వీడియోలో కనిపిస్తుందేమో అని అతను ఇప్పుడు ఒక్కో సెకనూ ఆపి చూస్తున్నాడు.