ఐస్‌లాండ్ కరెంటు లెక్కలో బొగ్గు ఎలా చేరింది?

ఐస్‌లాండ్‌లో కరెంటు దాదాపు అంతా నదుల నుంచి, భూగర్భంలోని వేడి నుంచి పుడుతుంది. అక్కడ అణు కేంద్రం లేదు. బయటి నుంచి కరెంటు తెచ్చుకోవడానికి సముద్రం అడుగున లైను కూడా లేదు. అయినా గత దశాబ్దంలో అక్కడి వినియోగదారులకు చూపించిన విద్యుత్ వనరుల పట్టికల్లో బొగ్గు, అణువిద్యుత్తు కనిపించాయి. కారణం, కరెంటు దీవిలోనే ఉన్నా దాని 'పచ్చదనం' అమ్ముడైపోవడమే.

దీని మూలాలు 1996లో ఉన్నాయి. మన డిస్కంల మాదిరిగానే అప్పటిదాకా ఐరోపాలోనూ చాలాచోట్ల ఊరికొక సంస్థే దిక్కు. ఆ ఏడాది యూరోపియన్ యూనియన్ విద్యుత్ విపణిని తెరవడం మొదలుపెట్టింది. 2007 జులై నాటికి ఇళ్లకూ సంస్థను ఎంచుకునే హక్కు ఇవ్వాలని నిర్దేశించింది. అయితే ఎవరి దగ్గర కొన్నా వచ్చేది అవే తీగల మీదుగా. బొగ్గు కరెంటును, గాలిమర కరెంటును ప్లగ్గు దగ్గర ఎవరూ వేరు చేయలేరు. అందుకని కరెంటు ఏ వనరు నుంచి పుట్టిందో చెప్పే 'మూల ధ్రువీకరణ' పత్రాలకు 2001లో చట్టం దారి వేసింది. ఒక్కో పత్రం ఒక మెగావాట్ అవర్‌కు, అంటే మన లెక్కలో 1000 యూనిట్లకు. చిక్కంతా ఆ పత్రాన్ని కరెంటు నుంచి విడదీసి అమ్ముకోనివ్వడంలోనే ఉంది. అమ్మితే పచ్చదనం కొన్నవారి లెక్కలోకి పోతుంది, అమ్మినవారి లెక్కలో ఆ లోటును ఐరోపాలోని బొగ్గు, అణు కరెంటు పూడుస్తాయి.

తొలి దెబ్బ నెదర్లాండ్స్‌కు తగిలింది. 2001 జులైలో ఇళ్లకు మొదట గ్రీన్ కరెంటు విపణినే తెరిచారు. ఇంధన పన్ను మినహాయింపు వల్ల దాని ధర మామూలు కరెంటుకు దాదాపు సమానమైంది. రెండేళ్లు తిరగకముందే ఖాతాదారులు 10 లక్షలు దాటారు. కానీ వాళ్లు కొన్న గ్రీన్ కరెంటులో చాలా భాగం విదేశాల్లో ఎప్పటినుంచో నడుస్తున్న కేంద్రాలది. ఖజానా సొమ్ముతో కొత్త గాలిమరలు లేస్తాయనుకుంటే పాత ఆనకట్టలకు లాభం ముట్టింది. ఆ మినహాయింపును తగ్గించి, చివరికి ఎత్తేశారు.

జర్మనీ కథ వేరు. చెర్నోబిల్ ప్రమాదం తర్వాత బ్లాక్ ఫారెస్ట్‌లోని షోనౌ అనే చిన్న పట్టణంలో ప్రజలు అణువిద్యుత్తు మీద తిరగబడ్డారు. రెండు ప్రజాభిప్రాయ సేకరణల్లో గెలిచి, చందాలు పోగుచేసి, 1997లో ఊరి కరెంటు లైన్లనే కొనేశారు. మరుసటి ఏడాది విపణి తెరుచుకున్నాక దేశమంతటా గ్రీన్ కరెంటు అమ్మసాగారు. నాకు ఈ చరిత్రలో నిజమైన కొనుగోలుగా కనిపించేది ఇదే.

అదే జర్మనీలో ఇంకో విచిత్రం ఉంది. 2000 నాటి చట్టం కింద ప్రోత్సాహక ధర పొందే సౌర, పవన విద్యుత్తుకు పత్రాలు ఇవ్వరు. దానికి ప్రజలు ఒకసారి చెల్లించారు కనుక మళ్లీ అమ్మకూడదన్నది వాదన, అది న్యాయమైనదే. దాంతో గ్రీన్ కరెంటు అమ్మే సంస్థలు చాలావరకు నార్వే జలవిద్యుత్తు పత్రాలు కొంటాయి. అమ్మేసిన నార్వే మాత్రం కాగితం మీద బొగ్గు వాడే దేశమవుతుంది.

ఐస్‌లాండ్‌లో మరో మెలిక పడింది. పత్రాలు బయటికి అమ్ముడవుతుంటే, అదే కరెంటు వాడే పరిశ్రమలు తమదీ స్వచ్ఛ విద్యుత్తేనని చెప్పుకుంటున్నాయన్న అనుమానం వచ్చింది. 2023లో పత్రాల వ్యవస్థను నడిపే ఐరోపా సంఘం అక్కడి ఎగుమతులను కొంతకాలం ఆపి, తర్వాత మళ్లీ అనుమతించింది.