జైలు గేటు ముందు టీకొట్టు, ఇంట్లో క్యాలెండరు: అపోహలు – వాస్తవాలు

న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఉచితంగా వాదించే ప్యానెల్ లాయరుగా పదకొండేళ్లుగా జైలుకు వెళ్లి వస్తున్నాను. లోపలున్న కుర్రవాళ్ల కంటే, గేటు బయట వేపచెట్టు కింద కూర్చున్న తల్లిదండ్రులే నన్ను ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. ఈ ఒక్క వారంలోనే ముగ్గురు ఒకే మాట అడిగారు: "తొంభై రోజులు దాటితే వాళ్లే వదిలేస్తారట కదా, లాయరమ్మా?"

వదలరు. ఈ ఒక్క అపోహ వల్ల పోయినన్ని రోజులు మరి దేనివల్లా పోవడం నేను చూడలేదు.

గడువులోగా పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు నిందితుడి హక్కు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 187వ సెక్షన్, అంటే పాత సీఆర్‌పీసీలో 167, చెప్పేది అదే. మరణశిక్ష, యావజ్జీవం వంటి పెద్ద శిక్షలున్న నేరాలకు 90 రోజులు, మిగతా చాలావాటికి 60. గంజాయి 20 కిలోలు దాటిన కేసైతే 180. లెక్క కోర్టు మొదటిసారి రిమాండుకు పంపిన నాటి నుంచి, అరెస్టు నాటి నుంచి కాదు. అయితే నోరు తెరిచి అడగాలి. పిటిషన్ వేయాలి, షూరిటీలు, అంటే పూచీ ఉండేవాళ్లను, పెట్టాలి. అడగకముందే ఛార్జిషీటు పడిందా, ఆ తలుపు మూసుకున్నట్టే. ఇక మామూలు బెయిలు కోసం జడ్జిగారి విచక్షణ మీద ఆధారపడాలి.

బైకు దొంగతనం కేసులో కొడుకు లోపలున్న ఒక తల్లి నా దగ్గరకు వచ్చేసరికి డెబ్బై ఒకటో రోజు. టీకొట్టు దగ్గర పరిచయమైన పెద్దమనిషి ఒకడు "ఉచిత లాయరు దండగ, నాకు లోపల తెలిసినవాళ్లున్నారు" అని చెప్పి నలభై వేలు పట్టుకెళ్లాడు. వాడి మాట నమ్మి ఆ అబ్బాయి మా వకాల్తా, అంటే మమ్మల్ని లాయరుగా పెట్టుకునే కాగితం, మీద సంతకం కూడా చేయలేదు. ఛార్జిషీటు అరవై ఆరో రోజున పడింది. దొంగతనం కేసుకు గడువు అరవై రోజులే. మధ్యలో ఐదు రోజులు, ఒక్క కాగితంతో బయటికి రావలసిన ఐదు రోజులు, ఎవరికీ పట్టకుండా గడిచిపోయాయి. ఆమె చెవులకు కమ్మల బదులు వేపపుల్లలు ఉన్నాయి. నలభై వేలు ఎక్కడివని నేను అడగలేదు.

అందుకే అందరికీ చెబుతాను: ఇంట్లో గోడ క్యాలెండరు మీద రిమాండు తేదీకి సున్నా చుట్టండి, అరవయ్యో రోజుకు ఇంకొకటి, తొంభయ్యో రోజుకు మరొకటి. పక్కనే క్రైమ్ నంబరు, సెక్షన్లు, కోర్టు పేరు, లాయరు ఫోను నంబరు రాసుకోండి. ఏ సున్నా మీకు వర్తిస్తుందో లాయరు చెబుతారు.

ఉచిత లాయరు పేదలకే అన్నది ఇంకో అపోహ. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో 12వ సెక్షన్ అదే చెబుతుంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేయండి. మాలోనూ అశ్రద్ధగా ఉండేవాళ్లున్నారు, కాదనను. అలాంటప్పుడు లాయరును మార్చమని సంస్థను అడగండి, టీకొట్టుకు మాత్రం వెళ్లకండి.

బెయిలు వస్తే కేసు పోయినట్టు కాదు. వాయిదాకు వెళ్లకపోతే వారంటు వస్తుంది.

బెయిలు వచ్చినా షూరిటీలు దొరక్క అబ్బాయి లోపలే ఉంటే, ఇక అంతేనని కూర్చోకండి. నెల దాటినా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించవచ్చేమో కోర్టులు తామే పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది.

ములాఖత్‌కు వెళితే మన పేరూ కేసులోకి ఎక్కుతుందన్న భయం కూడా ఉంది. ఆధార్ కార్డు చూపించి పలకరించి వచ్చినంత మాత్రాన ఎవరూ ముద్దాయి కారు. ఈ పుకారు నమ్మి ఒక తండ్రి మూడు నెలలు ఊరు కదలలేదు. అసలు కారణం సిగ్గని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. చివరికి నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. బయటికి వచ్చాక ఏం మాట్లాడారని అడిగాను.

"గేదె ఈనిందని చెప్పానమ్మా. పెయ్యదూడ అని చెప్పాను. పేరు వాడే పెట్టాడు."