టాఫీ ఎవరు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

టాఫీ అనే వెల్ష్‌వాడు, అంటే బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంవాడు, దొంగ అని, ఇంటికొచ్చి గొడ్డుమాంసం ముక్క ఎత్తుకుపోయాడని ఉన్న ఇంగ్లీషు పాట చదివి, ఎవరతను, పాపం ఎందుకలా తిట్టారని అడిగారు. టాఫీ ఒక మనిషి కాడు. డేవిడ్ పేరుకు వెల్ష్ రూపం దావిద్; ఇంగ్లీషువాళ్లు దాన్ని తమ నోటికి వచ్చినట్టు టాఫీ అని, వేల్స్ వాళ్లందరికీ తగిలించారు.

వెల్ష్ మూలాలున్న ట్యూడర్ వంశం 1485లో ఇంగ్లండు సింహాసనం ఎక్కాక, చాలామంది వెల్ష్‌వారు కొలువులు వెతుక్కుంటూ లండన్ చేరారు. పశువుల మందలను తోలుకుంటూ స్మిత్‌ఫీల్డ్ సంతకు వచ్చినవారూ ఉన్నారు. 17వ శతాబ్దంలో వీధుల్లో చవకగా అమ్మిన, చెక్క అచ్చు బొమ్మతో ఒకే కాగితంపై వేసిన పాటల్లో ఈ బాటసారులే విదూషకులయ్యారు. కాల్చిన చీజ్ అంటే ప్రాణమిచ్చేవాడిగా, వంశం గురించి గొప్పలు పోయేవాడిగా వెల్ష్‌వాణ్ణి చూపించడం పరిపాటి. వెల్ష్‌లో 'ఆప్' అంటే ఫలానావారి కొడుకని అర్థం. తండ్రి, తాత, ముత్తాతల పేర్లను అలా గొలుసుగా చెప్పుకునే ఆచారమే పాటగాళ్లకు నవ్వులాట అయింది. నేటి ప్రైస్, పావెల్ అనే ఇంటిపేర్లు ఆప్ రీస్, ఆప్ హవెల్‌ల నుంచి వచ్చినవే.

అన్నిటికన్నా ఎక్కువగా వాడుకున్నది యాసను. వెల్ష్‌వారి 'బ' ఇంగ్లీషు చెవికి 'ప'లా వినిపించేది. షేక్‌స్పియర్ నాటకంలో ఫ్లూయెల్లెన్ అనే వెల్ష్ సైనికాధికారి, గొప్పవాడనే అర్థంలో 'అలెగ్జాండర్ ద బిగ్' అనబోయి 'పిగ్' అంటాడు. మహావీరుడు కాస్తా పంది అయిపోతాడు! మన సినిమాల్లోనూ ఏదో ఒక ప్రాంతపు యాసను నవ్వుకే వాడుకోవడం మీరు చూసే ఉంటారు.

ఈ నవ్వు కొన్నిసార్లు మొరటుగా మారింది. 1667 మార్చి 1న, వెల్ష్‌వారికి పండుగైన సెయింట్ డేవిడ్ రోజున, లండన్‌లో ఒక వర్తకుడి ఇంటి పైనుంచి వెల్ష్‌వాడి వేషం వేసిన నిలువెత్తు బొమ్మను మెడకు ఉరేసి వేలాడదీయడం చూశానని ఆ కాలపు లండన్ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ తన డైరీలో రాసుకున్నాడు.

అన్నీ అంత చేదుగా లేవు. అదే పండుగనాడు వేటకు వెళ్లిన ముగ్గురు వెల్ష్‌వాళ్ల పాటలో, ఒకడు చంద్రుణ్ణి చూసి చంద్రుడంటాడు, రెండోవాడు కాదంటాడు, మూడోవాడు అది సగం కోసేసిన చీజ్ అంటాడు. చూశారా, మళ్లీ చీజే! ఆ పాట దొరికితే నాకు చదివి వినిపించండి.

మీ తాతయ్య