బాగ్దాద్ ట్రాఫిక్ జామ్‌కు యుద్ధాలంత వయసు

బాగ్దాద్‌లో టైగ్రిస్ ఒడ్డున అబూ నువాస్ వీధికి వెళ్లి మస్గూఫ్ చెప్పామంటే కనీసం గంట ఆగాలి. బంగారుతీగ చేపను వీపు వైపు నుంచి చీల్చి వెడల్పుగా విప్పుతారు. ఉప్పు, చింతపండు పట్టించి కట్టెల మంట చుట్టూ నిలబెడతారు. మంట తగలకూడదు, సెగకే కాలాలి. ఆ గంట గురించి ఎవరూ సణగరు. అక్కడికి చేరడానికి రోడ్డు మీద పోయే టైమ్‌తోనే అందరికీ పేచీ.

ఒకప్పుడు ఈ ఊరికి నదే పెద్ద రోడ్డు. అల్లిన గుండ్రటి బుట్టకు తారు పూసి చేసిన గుఫ్ఫాల్లో జనం ఏరు దాటేవారు. మన తుంగభద్ర మీద తిరిగే పుట్టి లాంటివే అవి. 1869లో ఒట్టోమన్ గవర్నర్‌గా వచ్చిన మిధత్ పాషా పడమటి ఒడ్డు నుంచి కాధిమియాకు గుర్రపు ట్రాము వేయించాడు. 1916లో, యుద్ధం మధ్యలో, పాత ఇళ్లు పడగొట్టి రషీద్ వీధి తీశారు. తర్వాతి కాలంలో బ్రిటన్ నుంచి ఎర్ర డబుల్ డెక్కర్ బస్సులు వచ్చాయి.

మెట్రో ప్లాన్లు కూడా గీశారు. కానీ 1980లో ఇరాన్‌తో మొదలైన యుద్ధం ఎనిమిదేళ్లు సాగింది, మెట్రో కాగితం మీదే ఉండిపోయింది. కార్లు మాత్రం ఆగలేదు. బ్రెజిల్‌లో తయారైన ఫోక్స్‌వ్యాగన్ పసాట్లను చమురుకు బదులుగా లక్షకు పైగా తెప్పించారు. వాటిని ఇరాకీలు 'బ్రాజీలీ' అంటారు. ఆ వెంటనే కువైట్ ఆక్రమణ, ఆంక్షలు, 1991 బాంబులు. కూలిన వంతెనల్ని త్వరగానే కట్టుకున్నారు గానీ, ఆంక్షల కాలంలో బండి పాడైతే స్పేర్ పార్టు దొరకడమే గగనమైంది.

అసలు దెబ్బ 2003లో అమెరికా దాడి తర్వాత తగిలింది. సరిహద్దుల్లో అడిగే నాథుడు లేక సెకండ్ హ్యాండ్ కార్లు వరదలా వచ్చిపడ్డాయి. పెట్రోలు ఎలాగూ చవకే. కార్లు పెరుగుతుంటే ఉన్న రోడ్లు మూతపడుతూ వచ్చాయి. నగరం నడిబొడ్డున ప్రభుత్వ ఆఫీసులు, రాయబార కార్యాలయాలు ఉండే గ్రీన్ జోన్, దాని చుట్టూ కాంక్రీటు గోడలు, ఎటు తిరిగినా సైతరాలు, అంటే చెక్‌పోస్టులు. 2006లో షియాలకు పవిత్రమైన సమర్రా మసీదు పేల్చివేతతో షియా-సున్నీ హింస చెలరేగాక పేటలకు పేటలనే గోడలతో చుట్టేశారు. ఎన్ని కిలోమీటర్లు అన్నది పక్కనపెట్టి, దారిలో ఏ సైతరా ఎవరి చేతిలో ఉందో కనుక్కుని బయల్దేరే రోజులవి. అబూ నువాస్ వీధి 2007 నవంబరులో మళ్లీ తెరుచుకుంది. రాత్రి కర్ఫ్యూ ఎత్తేసింది 2015 ఫిబ్రవరిలో. గ్రీన్ జోన్ రోడ్లు జనానికి వదిలింది 2019లో.

ఈ గందరగోళంలో ఊరిని కదిలించింది కియాలు. ఏ కంపెనీ మినీబస్ అయినా జనం నోట్లో అది కియానే. గ్యారేజీలో సీట్లు నిండితే గానీ కదలదు. వెనక కూర్చున్నవాళ్లు ఛార్జీ ముందువాళ్ల చేతికిస్తే అది చేతులు మారుతూ డ్రైవరుకు చేరుతుంది, చిల్లర కూడా అదే దారిన వెనక్కి వస్తుంది. ఎక్కేముందు చాలామంది చేతిలో ఓ సమూన్ ఉంటుంది: రెండు కొసలూ మొనదేలిన రొట్టె, లోపల ఫలాఫెల్ అనే శనగ వడలు, పైన అంబా. అంబా అంటే మామిడికాయ పచ్చడే. బొంబాయితో వ్యాపారం చేసిన బాగ్దాదీ యూదుల వల్ల అక్కడికి చేరిందంటారు. మన ఆవకాయంత కారం ఉండదు గానీ మెంతి వాసన గుప్పుమంటుంది. కిక్కిరిసిన కియాలో చొక్కా మీద పడిందా, ఆ పసుపు మరక ఓ పట్టాన వదలదు.

అంబా వెళ్లిన ఎన్నో ఏళ్లకు ఇండియా నుంచి ఆటో కూడా వెళ్లింది. అక్కడ దాన్ని టుక్‌టుక్ అంటారు. సద్ర్ సిటీ లాంటి పేదల పేటల్లో కుర్రాళ్ల బతుకుదెరువు అది. రూల్స్ పాటించరని వాళ్లను తిట్టనివాళ్లు లేరు. కానీ 2019 అక్టోబరు ప్రభుత్వ వ్యతిరేక ఆందోళనల్లో బాగ్దాద్ తహ్రీర్ స్క్వేర్ నుంచి గాయపడ్డవాళ్లను ఆసుపత్రులకు చేర్చింది ఆ కుర్రాళ్లే. ఆందోళనకారులు తమ పత్రికకు 'టుక్‌టుక్' అనే పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు ఊళ్లో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు జోరుగా కడుతున్నారు. మెట్రో మాట కూడా మళ్లీ లేచింది. నన్నడిగితే ముందు కావాల్సింది బస్సులు, వాటికంటూ విడిగా ఓ లేన్. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. కాకపోతే రోడ్డు మీద గీసిన గీతకు రిబ్బన్ కట్ చేయడం ఏ మంత్రికీ కుదరదు.